'ఏజెంట్' అంటే ఎవరో ముందు తేల్చండి

ప్రశ్న: నేను మధురవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెక్నికల్ రైటర్‌ని. రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లు, పోర్టు దగ్గర వాళ్ల తరఫున కస్టమ్స్ పనులు చూసే సీహెచ్ఏ ఆఫీసులవాళ్లు కంటైనర్లు బుక్ చేసుకోవడానికి, ఎక్కడున్నాయో చూసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ మాది. నాలుగేళ్లుగా మనుషులు చదివే మాన్యువల్స్ రాస్తున్నాను, ఎవరూ పెద్దగా తప్పు పట్టలేదు. ఇప్పుడు ఆ పనులన్నీ ఏఐ ఏజెంటే, అంటే అడిగిన పనిని తనే చేసిపెట్టే ఏఐ ప్రోగ్రామే, చేసేలా ఒక్కో పనిని ఒక్కో టూల్‌గా మార్చారు. వాటి వివరణలు రాసే పని నాకిచ్చారు. పాత మాన్యువల్‌లోంచి తీసి పెట్టాను. టెస్టింగ్‌లో అంతా గందరగోళం. ఒక టూల్ వాడాల్సిన చోట ఇంకోటి వాడుతోంది. కస్టమ్స్ హోల్డ్‌లో ఉన్న, అంటే కస్టమ్స్‌వాళ్లు ఆపి ఉంచిన కంటైనర్ ఎక్కడుందని అడిగితే, హోల్డ్ తీసేయడానికి తనే మూడుసార్లు ప్రయత్నించింది. మేనేజర్ గారు "ఇంకా వివరంగా రాయమ్మా" అంటారు. సీనియర్ డెవలపర్ "సగానికి తగ్గించు" అంటాడు. నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. నా ఇంగ్లిష్ వల్లే ఇలా అవుతోందేమోనని టెన్షన్‌గా ఉంది. టెస్టింగ్ వైపు మారిపోమంటారా? నాలుగు టూల్స్ వివరణలు, టెస్టింగ్‌లో ఏం జరిగిందో చూపే లాగ్ జత చేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం కన్నా ముందు మీరు జత చేసిన కాగితాలే చదివాను. రెండో దాంట్లోనే హోల్డ్ గొడవకు కారణం దొరికింది. 'రిలీజ్ హోల్డ్' టూల్ కింద మీరు రాసిన ఇంగ్లిష్ వాక్యాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "కంటైనర్ మీద హోల్డ్ ఉంటే ఏజెంట్ దాన్ని క్లియర్ చేయించాలి."

ఏజెంట్ ఎవరు? మన పోర్టు చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. కస్టమ్స్ ఏజెంట్, లేకపోతే షిప్పింగ్ ఏజెంట్. జేబులో రెండు ఫోన్లు, చంకలో ఫైలు పెట్టుకుని తిరిగే మనిషి. నాలుగేళ్ల కిందట మీరు ఆ వాక్యం రాసినప్పుడు దాంట్లో తప్పేమీ లేదు. ఇప్పుడు దాన్ని చదువుతున్నది ఏఐ ఏజెంట్. "నువ్వు ఏజెంట్‌వి, కస్టమర్‌కి సాయం చెయ్యి" అని మీ డెవలపర్లు దానికి మొదట్లోనే చెప్పి ఉంటారు. అలా చెప్పాక ఈ వాక్యం కనబడితే అదేమనుకుంటుంది? ఇది నా డ్యూటీయే అనుకుంటుంది. మూడుసార్లు ప్రయత్నించిందంటే మొండితనం కాదు, మీరు చెప్పిన పని చేయబోయింది పాపం.

ఇందులో మీ ఇంగ్లిష్ తప్పేమీ లేదు. వ్యాకరణం ఎక్కడా తప్పలేదు. చదివే మనిషి మారిపోయాడు, ఆ సంగతి మీకెవరూ చెప్పలేదు, అంతే.

ఆ కొత్త పాఠకుడి సంగతి కొంచెం చెప్పాలి. మీ స్క్రీన్లు, మెనూలు, పక్క సీట్లో కూర్చున్న సీనియర్ అతనికి కనబడరు. టూల్ పేరు, దాని కింద మీ వివరణ, ఏయే వివరాలు ఇవ్వాలో చెప్పే జేసన్ స్కీమా, తర్వాత టూల్ తిరిగి పంపే జవాబు. టూల్స్ విషయంలో అతని లోకం ఇంతే. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ బయటపెట్టిన, ఏఐని టూల్స్‌తో కలిపే ఎంసీపీ పద్ధతిలో చేసినా, వేరే పద్ధతిలో చేసినా ఈ నాలుగూ మారవు. మన ఊరికి కొత్తగా వచ్చినవాడితో "కాంప్లెక్స్ దగ్గర దిగి జగదాంబకి ఆటో పట్టు" అన్నారనుకోండి. కాంప్లెక్స్ అంటే ఆర్టీసీ బస్టాండని, జగదాంబ అంటే సినిమా హాలు పేరు మీద వచ్చిన జంక్షనని అతనికి ఎలా తెలుస్తుంది? మనిషైతే దిగి పాన్ షాపులో అడుగుతాడు. ఈ పాఠకుడు చాలాసార్లు అడగడు. దగ్గర్లో కనబడ్డ షాపింగ్ కాంప్లెక్స్‌లోకి నమ్మకంగా నడిచి వెళ్లి, "చేరుకున్నానండీ" అని మర్యాదగా చెబుతాడు.

కాబట్టి మీరు రాయాల్సింది మీ ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతి. అందరికీ తెలుసు కాబట్టే ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని కాగితం మీద పెట్టలేదు.

ఇది నాకు తెలిసి వచ్చిన రోజు చెబుతాను. ఇరవై ఏళ్లకు పైమాటే. గాజువాక వైపు ఒక గోడౌన్‌లో లారీ కాటాకి సాఫ్ట్‌వేర్ పెడితే, మాన్యువల్ నేను రాశాను. "బరువు టైప్ చేసి సేవ్ నొక్కండి" అని రాశాను. బరువు టన్నుల్లో కొట్టాలి. పాత ఆపరేటర్‌కి అది కొట్టినపిండి. ఓ రాత్రి అతను సెలవు పెడితే కొత్త కుర్రాడు కూర్చున్నాడు. కాటా మీద 24,500 కనబడింది, అదే కొట్టాడు. స్లిప్పులో 24,500 టన్నులని వచ్చింది. లారీ తెల్లారేదాకా గేటు దగ్గరే ఆగిపోయింది. పొద్దున్న పాత ఆపరేటర్ నా పుస్తకం తిరగేసి, "ఏటండీ, అందరికీ తెలిసిందే రాయరా ఏటి?" అన్నాడు. ఏం చెప్పను? ఆ కుర్రాడు కనీసం స్లిప్పు చూసి కంగారుపడి ఫోన్ చేశాడు. మీ పాఠకుడు ఆ కంగారు కూడా పడకపోవచ్చు.

మీ మూడో టూల్ 'బుక్ కంటైనర్'లో సరిగ్గా అదే ఉంది. 'వెయిట్' అనే గడి, దాని పక్కన "వెయిట్ ఆఫ్ కంటైనర్" అని వివరణ. పేరునే తిరగేసి చెప్పడం వివరణ కాదు కదా! కిలోలా, టన్నులా? సరుకు బరువా, ఖాళీ డబ్బా బరువా, రెండూ కలిపా? మీ వ్యాపారంలో ఇది చిన్న సంగతి కాదు. 2016 జూలై 1 నుంచి సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందం నిబంధనల ప్రకారం, సరుకు నింపిన కంటైనర్ ఓడెక్కాలంటే దాని వీజీఎం ముందే చెప్పాలి. అంటే సరుకు, ప్యాకింగ్, డబ్బా అన్నీ కలిపిన బరువు. ఖాళీ నలభై అడుగుల రీఫరే, అంటే సరుకును చల్లగా ఉంచే కంటైనరే, నాలుగు టన్నులు దాటుతుంది. ఎగుమతిదారు ఇన్‌వాయిస్‌లో ఉన్న సరుకు బరువును ఏజెంట్ తీసుకెళ్లి ఆ గడిలో పెడితే, అంత తేడా ఎవరి కంటా పడకుండా వెళ్లిపోతుంది. గడి పేరే 'వీజీఎం కేజీ' అని మార్చమని డెవలపర్‌ని అడగండి. పేరులోనే కొలత ఉంటే సగం వివరణ రాయక్కర్లేదు.

అదే టూల్‌లో ఉష్ణోగ్రత గడి చూసి నాకు గుండె ఆగినంత పనైంది. "టెంపరేచర్: నంబర్" అని వదిలేశారు. ఫ్రోజెన్ రొయ్యలు వెళ్లేది మైనస్ 18 డిగ్రీలు, అంతకన్నా చల్లగా. కస్టమర్ మాటల్లో "పద్దెనిమిదిలో పెట్టించండి" అని వస్తే, రొయ్యల వ్యాపారంలో ఉన్న ఎవరికైనా మైనస్ అని వేరే చెప్పనక్కర్లేదు. మోడల్ కూడా, అంటే ఏజెంట్ వెనకున్న ఏఐ కూడా, చాలాసార్లు ఊహించేస్తుంది, నిజమే. చాలాసార్లు అంటే ఎప్పుడూ అని కాదు. ప్లస్ 18 అంటే మన ఆఫీసు ఏసీ కన్నా కాస్త చల్లన, అంతే. అక్కడ ఇలా రాయండి: "సెల్సియస్‌లో. ఫ్రోజెన్ సరుకుకి మైనస్ గుర్తుతో ఇవ్వాలి, ఉదాహరణకు -18. సరుకు ఫ్రోజెన్ అయి ఉండి యూజర్ మైనస్ చెప్పకపోతే, బుక్ చేసే ముందు అడిగి ఖాయం చేసుకోవాలి." ఇంకోపక్క, ఫ్రోజెన్ బుకింగ్‌కి సున్నా కన్నా ఎక్కువ వస్తే కోడ్‌లోనే తిప్పికొట్టమని చెప్పండి. ఇలాంటివి రాతకే వదిలేయకూడదు.

'బిల్ నంబర్' అన్న గడి కూడా అంతే. కస్టమ్స్‌కి దాఖలు చేసే షిప్పింగ్ బిల్లా, షిప్పింగ్ లైన్ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగా, మీ కంపెనీ పంపిన బిల్లా? మూడూ బిల్లులే. కంటైనర్ నంబరైతే మీ అదృష్టం, దానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు, మొత్తం 11. చివరి అంకె సరిచూసుకోవడానికి పెట్టింది. "11 క్యారెక్టర్లు, మధ్యలో ఖాళీలు, గీతలు ఉండకూడదు. బుకింగ్ నంబరు ఇక్కడ పని చేయదు" అని ఒక్క ముక్క రాస్తే, మీరు లాగ్‌లో చూసిన తప్పుల్లో కొన్ని అక్కడే ఆగిపోతాయి.

తేదీల గురించి ఎక్కువ చెప్పను. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికావాళ్లకు మార్చి 4. కాబట్టి 2025-04-03 లాగా ఏడాది ముందు వచ్చే పద్ధతి ఒక్కటే ఒప్పుకోండి. దాంతోపాటు సమయం ఏ దేశానిదో కూడా రాయండి. 12వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు బెర్త్‌కి చేరిన ఓడ, యూటీసీలో, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయంలో, 11వ తేదీ రాత్రి 9:30కి చేరినట్టు కనబడుతుంది. మీ టూల్ యూటీసీలో జవాబిస్తూ ఆ సంగతి చెప్పకపోతే, ఏజెంట్ కస్టమర్‌కి "నిన్ననే వచ్చేసింది" అంటుంది. డెమరేజ్ (గడువు దాటి కంటైనర్ ఉంచితే పడే రుసుము) లెక్కలు రోజుల్లో ఉండే వ్యాపారంలో ఈ ఒక్క రోజు తేడాకి ఎంత గొడవవుతుందో మీకు నేను చెప్పాలా!

ఇక ఒక టూల్ బదులు ఇంకోటి వాడటం. 'గెట్ స్టేటస్', 'ట్రాక్ కంటైనర్' రెండింటికీ మీరు రాసింది దాదాపు ఒకటే: "కంటైనర్ స్థితిని తెలుపుతుంది." నాకే ఏది వాడాలో తెలియలేదు. కాగితాలు రెండుసార్లు చదివాక, మొదటిది బుకింగ్ ఏ దశలో ఉందో చెబుతుందని, రెండోది డబ్బా యార్డులో ఉందో, గేటు దాటిందో, ఓడెక్కిందో చెబుతుందని అర్థమైంది. ఒక టూల్ ఏం చేస్తుందో రాస్తే సగం పనే అయినట్టు. పక్కనున్న దాన్ని కాదని దీన్నెప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో రాయాలి. మీ 'రిలీజ్ హోల్డ్'నే తిరగరాసి చూపిస్తాను:

"కస్టమ్స్ హోల్డ్ తొలగిందని మన రికార్డులో నమోదు చేస్తుంది. కస్టమ్స్‌వారి హోల్డ్‌ని ఇది తీయలేదు. కస్టమ్స్ విడుదల ఆర్డరు చేతికి వచ్చిందని సీహెచ్ఏ ఆఫీసు ఉద్యోగి చెప్పి, నమోదు చేయమని అడిగినప్పుడు మాత్రమే వాడాలి. కంటైనర్ ఎక్కడుందో, ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి వాడకూడదు, దానికి 'ట్రాక్ కంటైనర్' ఉంది. నమోదు చేశాక వెనక్కి తీసుకోలేం."

అయిదు వాక్యాలు. మీ పాతది పదకొండు వాక్యాలు, అందులో నాలుగు మీ సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదో చెప్పేవి. ఎక్కువ రాయాలా, తక్కువ రాయాలా అన్న పంచాయితీకి ఇదే నా జవాబు. మీ మేనేజర్ గారిదీ తప్పు కాదు, డెవలపర్‌దీ తప్పు కాదు. సాధారణంగా ప్రతి టూల్ వివరణా ప్రతి సంభాషణలోనూ మోడల్ ముందు ఉంటుంది, టోకెన్లు (ఏఐ చదివే మాటల ముక్కలు, వాటి లెక్కనే ఖర్చు) తింటుంది. నలభై టూల్స్‌కి నలభై పేజీలు పెడితే ఖర్చు పెరుగుతుంది, అసలు మాట గడ్డివాములో సూదిలా పోతుంది. ఆ అబ్బాయి బాధ అది. కానీ కోసేటప్పుడు వాళ్లు ముందు కోసేది "వాడకూడదు" అన్న వాక్యాన్నే. దాన్ని మాత్రం కొయ్యనివ్వకండి. కావాలంటే "సులభమైన, శక్తిమంతమైన" లాంటివన్నీ ఇచ్చేయండి. అలాగే "చాలా ముఖ్యం, తప్పనిసరి" అని వాక్యానికోసారి పెద్దక్షరాల్లో అరవకండి. అన్నీ ముఖ్యమంటే ఏదీ ముఖ్యం కాదు, మనుషులకైనా అంతే.

ఇంకో విషయం, మీకు ఇచ్చిన పనిలో ఇది లేకపోయినా మీరే అడిగి తీసుకోండి. ఎర్రర్ మెసేజ్‌లు. టూల్ తప్పిందని తెలిసిన ఆ క్షణంలో ఏజెంట్ చదివేది మీ మాన్యువల్ కాదు, ఆ ఎర్రర్‌నే. మీ లాగ్‌లో "400, బ్యాడ్ రిక్వెస్ట్" అని వస్తోంది. దాంతో అదేం చేస్తుంది? ఏదో ఒకటి మార్చి మళ్లీ కొడుతుంది, మళ్లీ కొడుతుంది. "కంటైనర్ నంబరు 11 క్యారెక్టర్లు ఉండాలి, వచ్చినవి 9. ఇది బుకింగ్ నంబరైతే గెట్ స్టేటస్ వాడండి" అని వస్తే, రెండోసారికే దారిన పడే అవకాశం చాలా ఎక్కువ. హోల్డ్ విషయంలో "అనుమతి లేదు" అని మాత్రమే వచ్చింది కాబట్టే అది మూడుసార్లు ప్రయత్నించింది. "అనుమతి లేదు. మళ్లీ ప్రయత్నించవద్దు, సీహెచ్ఏ ఆఫీసుని సంప్రదించమని యూజర్‌కి చెప్పండి" అని ఉంటే మొదటిసారికే ఆగేది. జవాబులూ అంతే. 140 కంటైనర్లుంటే మొదటి 20 మాత్రమే పంపి ఊరుకుంటే, "మీకు 20 కంటైనర్లున్నాయి" అని కస్టమర్‌కి చెప్పేస్తుంది. మిగతావి ఉన్నాయని జవాబులోనే రాయించండి.

ఒక హెచ్చరిక. ఎంత బాగా రాసినా రాత తాళం కాదు. "వాడకూడదు" అని రాశాం కదా, ఇంక వాడదులే అని మీ డెవలపర్లు నిశ్చింతగా కూర్చుంటే ఒప్పుకోకండి. వెనక్కి తీసుకోలేని పని ఏదైనా మనిషి నొక్కితేనే జరిగేలా కోడ్‌లో ఉండాలి. ఎంసీపీలో ఈ టూల్ చదవడానికే, ఇది చెరిపేసే రకం అని గుర్తులు పెట్టుకునే వీలుంది. వాటిని పెట్టండి, కానీ వాటిని అందులోనే సూచనలని అన్నారు, హామీలని అనలేదు.

టెస్టింగ్‌కి మారాలా అన్నారు. మారేదేముంది, మీ పనిలో సగం ఇప్పుడు అదే. ఒక శనివారం పోర్టు దగ్గర మీ కస్టమర్ సీహెచ్ఏ ఆఫీసులో రెండు గంటలు కూర్చోండి. ఫోన్లలో వాళ్లు అడిగేదాన్ని అడిగినట్టే రాసుకోండి. "మా బాక్స్ గేటు దాటిందా", "ఆ రీఫర్ ప్లగ్గు పెట్టారా లేదా", "హోల్డ్ ఎందుకేశారో కనుక్కో". ఎవరూ "కంటైనర్ స్థితిని తెలుపుము" అని అడగరు. అలాంటివి ముప్పై పోగేసి, ఒక్కోదానికి ఏ టూల్ వాడాలో, ఏదీ వాడకుండా మనిషిని ఎప్పుడు అడగాలో పక్కన రాసుకోండి. వాటన్నిటినీ ఏజెంట్‌కి ఇచ్చి చూడండి. ఎక్కడ తప్పిందో అక్కడ వివరణలో ఒక్క వాక్యం మార్చి, మళ్లీ ముప్పైనీ ఇవ్వండి. ఒకటి బాగుచేస్తే ఇంకోటి చెడుతుంది, అందుకే అన్నీ మళ్లీ ఇవ్వాలి. ఒకేసారి పది వాక్యాలు మార్చారంటే ఏది పని చేసిందో మీకే తెలియదు. 'బాక్స్' అంటే కంటైనర్, 'లైన్' అంటే షిప్పింగ్ కంపెనీ లాంటి మాటల పట్టిక కూడా ఆ రెండు గంటల్లోనే తయారవుతుంది. దాన్ని వివరణల్లో కలిపేయండి.

తెలుగు మీడియం సంగతి. ఈ రకం రాతకి కావాల్సింది చిన్న వాక్యాలు, ఒక వస్తువుకి ఒకే పేరు. మొదటి లైన్లో 'షిప్‌మెంట్', రెండో లైన్లో 'కన్‌సైన్‌మెంట్', మూడో లైన్లో 'కార్గో' అని మార్చి మార్చి రాయడం కాన్వెంట్‌లో నేర్పే అందం. ఇక్కడ అది ప్రమాదం, చదివేవాడు మూడు వేర్వేరు వస్తువులనుకోవచ్చు. మీ ఉత్తరంలో కంటైనర్‌ని ప్రతిచోటా కంటైనర్ అనే అన్నారు. ఆ అలవాటు అలాగే ఉంచుకోండి.

మొదట ఈ నాలుగు టూల్సే తిరగరాయండి, నలభై జోలికి పోవద్దు. ముప్పై ప్రశ్నలకి ముందు ఎన్ని సరిగ్గా వచ్చాయో, తర్వాత ఎన్ని వచ్చాయో రెండు అంకెలు మేనేజర్ గారికి చూపించండి. మిగతావాటికి టైమ్ అడగడానికి అది చాలు. ఆ 'ఏజెంట్' వాక్యాన్ని మాత్రం సోమవారం దాకా ఉంచకండి, ఈరోజే తీసేయండి.